ఆక్టేవియా హిల్ చరిత్రము

సత్రములు, చావడులు, దేవాలయములు కట్టించినవారి పేర్లు మన కృష్ణామండలమున శిలలమీదను జనుల నాలుకలమీదను నిలిచియున్నవి. వాసిరెడ్డి వేంకటాద్రినాయనింగారు తమ తండ్రిపేర జగ్గయ్యపేటను వెలయింపజేసిరి; అమరావతిని నిర్మించిరి. వారిని కొనియాడుట న్యాయమే. అయితే కట్టిన యింటిని వాటాలుగా విభజించి యద్దెకిచ్చి, ఆ సొమ్ముతో జీవించుచు, అందులో నెవ్వ రెట్లు కాపురము చేయుచున్నారో యొకనాడైనను పోయి చూడని యజమానునికి కలుగునది పుణ్యమా పాపమా యని విచారించినవారు మిక్కిలి యరుదు. ఆ విచారము చేసి, చేసినంతటితో నూరకుండక, 47 సంవత్సరములు ఆ పనినే పట్టుకొనియుండిన యొక యాంగ్లేయస్త్రీ చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాము. ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములయందలి చదువరులలో బెజవాడలో నద్దెయిండ్లు గలవారు కొందఱుందురు గనుక ఇది వారికి దూరదేశపు కథగా దోచదని మా నమ్మకము.

మొదట నాటి కాలస్థితిని కొంత చెప్పవలసియున్నది. 1801వ సంవత్సరమున సుమారు 10 లక్షల జనులుండిన లండను మహానగరము నూరేండ్లలో చుట్టుపట్లనున్న పేటలతోగూడ సుమారు 65 లక్షలకు పెరిగెను. పల్లెలు విడిచి కూలికై వచ్చినవారికి ఇండ్లు చాలకపోయెను. ఒక కుటుంబమున కని కట్టిన పాతయింటిని గదికొక కాపురముగా పంచి యిచ్చుట వాడుకయయ్యెను. భూమి యొకనిది, దానిమీది యిల్లు మఱియొకనిది, దానిని గుత్తకు పుచ్చుకొన్నవా డింకొకడు, గదులను మారుకౌలుకిచ్చి వారమువారము అద్దె గుంజువాడు వేఱొకడు. ఇందఱి నడుమను ఇంటికప్పు కారినచో బాగుచేయవలసినవా డెవ్వడో యెవ్వనికిని దెలియదు. 1831 మొదలు 1866 వఱకు కలరాజాడ్యము నాలుగుసారులు ఆ నగరమును పట్టి పీడించెను. 1842లో ఎడ్విన్ చాడ్విక్ దొరగారు పనివాండ్ర యారోగ్యస్థితినిగూర్చి గొప్ప నివేదిక ప్రకటించిరి. 1848లో ప్రజారోగ్యశాసనము పుట్టెను. 1855వ సంవత్సరపు చట్టముచేత లండనులోని ప్రతిపేటకును ఒక ఆరోగ్యాధికారిని నియమింపవలసిన విధి యేర్పడెను. ఆ యధికారి యిండ్లను పరీక్షించి, ఇది మనుష్యులు నివసింపదగిన యిల్లు కాదని వ్రాసి, పేటసభకు పంపుకొనవలెను. కొన్ని పేటసభలలో సభ్యులుగా కూర్చున్నవారే యట్టి యిండ్లకు యజమానులు! ఇక నా కాగితము లేమగునో చదువరు లూహింపగలరు.

ఇట్టికాలమున 1838వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీని, ఇంగ్లండు తూర్పుభాగమందలి విస్‌బెచ్ అను పట్టణమున ఆక్టేవియా జన్మించెను. తండ్రియగు జేమ్సు హిల్ ధాన్యవర్తకుడు, బ్యాంకరు, రాబర్టు ఓవెనుగారి సంఘసంస్కారసిద్ధాంతములయం దభిమానము గలవాడై తన యూరిలో శిశుపాఠశాలను స్థాపించినవాడు. ఈమె యతనికి ఎనిమిదవ కుమార్తె యగుటచేత లాటినుభాషలో ఎనిమిదవదియను నర్థమిచ్చు పేరు పెట్టిరి. 1840లో వ్యాపారము దివాలా తీసెను; తండ్రికి మనస్సు చెదరెను. పిల్లలను పెంచు భారము తల్లియగు కారొలైనుమీదను మాతామహుడగు డాక్టరు సౌత్‌వుడ్ స్మిత్తుగారిమీదను పడెను.

ఈ మాతామహునిగూర్చి రెండుమాటలు చెప్పక విడువజాలము. ఆయన మొదట ఏకేశ్వరవాదుల సంఘమున ఉపదేశకుడుగా నుండి పిదప వైద్యుడై లండను జ్వరవైద్యశాలలో బహుకాలము పనిచేసెను. 1838లోనే బెత్నల్ గ్రీను, వైట్‌చాపెల్ పేటలలోని జ్వరములకు కారణము విచారించి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. విషజ్వరము దేవుని యాగ్రహమువలన గాక మూసుకొనిపోయిన మురుగుకాలువలవలనను గాలిచొరని గదులవలనను పుట్టుచున్నదని యాయన వాదము. దుర్గంధమే వ్యాధిబీజమని యాయన తలచుట నేటి శాస్త్రమునకు సరిపడకపోయినను, ఆయన చెప్పిన చికిత్స మాత్రము సరియైనదే. మనుమరాలు చిన్ననాడు వినుచు పెరిగిన మాటలివి.

1852 ప్రాంతమున తల్లి లండనుకు వచ్చి, బీదస్త్రీలకు పనికల్పించు నొక సహకారసంఘమునకు నిర్వాహకురాలయ్యెను. పదునాలుగేండ్ల ప్రాయము వచ్చునప్పటికి ఆక్టేవియా యచ్చట బొమ్మలు చేయు బాలికలపై అధికారిణియయ్యెను. ఆ పిల్లలు వీథిబడులనుండి వచ్చినవారు, చింపిరిగుడ్డలవారు. ఎవతెయైన పనికి రాకపోయినచో ఈమె వారియిల్లు వెదకుకొనుచు పోవును. నేలమాళిగలలో నొక గదిలో ఏడెనిమిదిమంది పండుకొనియుండుట యీమె చూచినది ఈ నెపముననే గాని విచారణసంఘపు నివేదికలలో గాదు. పిదప 1856లో ఎఫ్. డి. మారిసుగారి పనివాండ్ర కళాశాలలో స్త్రీల తరగతులకు కార్యదర్శినియై యేటికి 26 పౌనులు జీతము పుచ్చుకొనెను. జాన్ రస్కిను పండితుడు చిత్తరువులకు నకళ్లు వ్రాయు పని యిచ్చెను. పదిసంవత్సరము లా పని చేసెను. తోబుట్టువులతో గలిసి యింటివద్ద నొక చిన్న పాఠశాలయు నడపెను. ఆ కుటుంబమునకు కూర్చుండి తిను ఆస్తి యన్నమాట లేదు.

1864లో రస్కినునకు తండ్రి చనిపోయి గొప్ప యాస్తి సంక్రమించెను. ఆ ధనము నేమి చేయుదునని యతడు చింతించునపుడు ఆక్టేవియా తన చిరకాలపు కోరిక తెలిపెను. రస్కిను సమ్మతించెను గాని యొక షరతు పెట్టెను. పెట్టిన సొమ్ముపై నూటికి అయిదు వంతున ఆదాయము రావలెను. అతనికి ఆ యాదాయముపై నాశయుండి యట్లనలేదు. దానధర్మముగా నడచు పనిని లోకము మెచ్చుకొని విడిచిపెట్టును, గిట్టుబాటగు పనిని మాత్రము ఇతరులు చూచి యనుసరింతురని యతని తలంపు. ఈ షరతు మంచిదగుటకు ఆమె జీవితమే సాక్ష్యము.

1865లో మేరిలిబోన్‌పేటయందు పారడైస్ ప్లేస్ అను సందులో మూడిండ్లను 750 పౌనులకు కొనిరి. పారడైసనగా స్వర్గము. ఆ స్వర్గ మెట్లుండెనో వినుడు. గోడల సున్నము పెచ్చులూడి పడుచుండెను. మెట్లపైని కప్పునుండి కారు వాననీటికి క్రింద నొక బాల్చి పెట్టియుండిరి. మెట్లకు కటకటాలు లేవు. చలికి తాళలేక కాపురమున్నవారే వానిని పెరికి పొయ్యిలో పెట్టుకొనిరి. కిటికీలలోని 192 అద్దపుపలకలలో పగులనివి 8 మాత్రమే. బట్టలుదుకు గదిలో పాతయజమానుడు తన తుక్కుసామాను వేసి తాళము వేసికొనెను. అందఱకును నీరు ఒక్క పీపాలో. అది మురికిది, కారునది, చాలనిది. ఇన్నిటికిని అద్దె మాత్రము తప్పదు.

ఇక నీమె చేసిన పని. ఇల్లు చేతికి రాగానే మురుగుకాలువలు, నీరు, కప్పు, ఈ మూటిని మొదట బాగుచేయించెను. రంగులు, క్రొత్తకిటికీలు, అల్మారాలు మొదలయినవి వెంటనే పెట్టింపలేదు. ఒక్కసారిగా అన్నియు క్రొత్తవి పెట్టిన యెడల నెలతిరుగక పూర్వమే విరిగిపోవునని యామెకు తెలియును. మెట్లు తుడిచికొన్నవారికి మెట్లు బాగుపడును. బట్టలగదిని శుభ్రముగా నుంచుకొన్నవారికి క్రొత్తగాబు వచ్చును. ప్రతియింటికిని ఏటికింతయని మరమ్మతులక్రింద సొమ్ము కేటాయించి, విరుగుడులు తక్కువయై మిగిలినదానితో ఏమి చేయవలయునో కాపురమున్నవారినే యడుగుచుండెను. అందుచేత కిటికీ పగులగొట్టు పిల్లవానిని అదలించువాడు యజమానునిబంటు గాక పొరుగువాడే యయ్యెను. ఇది చిన్నయుపాయముగా కనబడును గాని మా దృష్టిలో ఈమె బుద్ధివిశేషమంతయు నిందులోనే యున్నది.

అద్దె వారమువారము తానే పోయి వసూలుచేసెడిది. తలుపు తట్టి, లోనికి రావచ్చునాయని యడిగి, రమ్మన్నపిమ్మటనే యడుగుపెట్టెడిది. తన యిల్లుగదా యని తోసికొనిపోవు నలవాటు యజమానులకుండుట యందఱెఱిగినదే. బాకీవిషయమున మాత్రము కఠినురాలు. బాకీ పెరిగినచో ఇల్లు ఖాళీచేయుమని నోటీసు తప్పదు. దయదలచి ఒకవారము విడిచినచో ఆ మనిషి అప్పులో మునుగుటకు తానే తోడ్పడినట్లని యామె భావము. భిక్షము పెట్టదు. పనిపాటులు లేని కాలములయందు వెల్లవేయుట, బాగుసేతలు మొదలయిన పనులను దాచియుంచి ఆ యింటివారికే కూలికిచ్చుచుండెను. పెద్దపిల్లలకు మెట్లు కడిగినందులకు కూలి యిచ్చెడిది. ఒక్క గదిలో కిక్కిరిసి యుండువారికి రెండవ గదిని, ఒకగదికిచ్చు నద్దెకంటె కొంచెమే హెచ్చుగా దొరకునట్లు చేసెను. ఒకయింటిలో నెందఱున్నారో లెక్కవ్రాసి చట్టము చూపి వెడలగొట్టుటకంటె ఇది మేలు. ఒకటిన్నర సంవత్సరము కాగానే లెక్కలు చూడగా నూటికి అయిదు వడ్డీయు వచ్చెను. అసలులో 48 పౌనులు తీరెను. 1866లో ఈ జమాఖర్చుల వృత్తాంతమును ఒక మాసపత్రికలో తానే ప్రకటించెను.

ఇచ్చట మనదేశపు సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1864 నవంబరు 1వ తేదీని ఉప్పెనవచ్చి బందరుప్రాంతమున సుమారు 30,000 మంది మడిసిరి. మఱుసటి యేడు, అనగా ఆక్టేవియా మూడిండ్లను చేతబట్టిన 1865లోనే, చెన్నపురి రాజధానిలో పట్టణాభివృద్ధిశాసనము పుట్టెను; 1866లో బందరునకు మునిసిపాలిటీ యేర్పడెను. బెజవాడకు 1888లో మునిసిపాలిటీయు 1893లో కృష్ణమీద రైలువంతెనయు వచ్చెను. ఆనకట్ట కట్టినది మొదలు పెరుగుచున్న యూరు మఱింత పెరిగెను. కాలువలు, కుళాయిలు, దీపములు మునిసిపాలిటీల పనియయ్యెను. గుమ్మముదాటి లోపలిది ఎవ్వరి పనియు గాకపోయెను. ముక్త్యాలకోటలోని జమీందారునకు రైతుయిల్లు కూతవేటుదూరమున నుండెడిది; అతడు మంచివాడైనను చెడ్డవాడైనను రైతుముఖము నెఱుగును. జమీందారీలు 1948వ సంవత్సరపు చట్టముతో పోయినవి. పట్టణమున పదివాటాలు గలవానికి అద్దె గుమాస్తాచేతనో బ్యాంకుద్వారానో వచ్చును. ఆ గోడలకు చెమ్మ యెంతయెత్తు పట్టినదో అతడెఱుగడు. ఈ యెడమును ఆక్టేవియా తన కాళ్లతో పూడ్చెను.

1866లో రస్కిను సొమ్ముతోనే ఫ్రెష్‌వాటర్ ప్లేస్ అనుచోట మఱికొన్ని యిండ్లు కొనబడెను. అచ్చట పాడుపడిన పాకలు తీయించి పిల్లలకు ఆటస్థలము చేయించి చెట్లు నాటించెను. మొదట గోడ కట్టువారిపై పేటలోని పిల్లలు రాళ్లు రువ్విరి, పనివాండ్రు నిలువలేకపోయిరి. ఆమె విడువలేదు. గాలియు పచ్చదనమును ధనికుల విలాసములు గావు, బీదవాని యింటిలో అవియొక గదియే యని యీమె నమ్మకము. ఈ నమ్మకమే పిమ్మట నామెను ఎచ్చటికి కొనిపోయినదో ముందు చెప్పెదము.

1874 నాటికి ఆమె చేతిక్రిందనున్న యిండ్లలో సుమారు 3,000 మంది కాపురముండిరి. ఒక్కతె యిందఱ నెఱుగజాలదు గనుక చదువుకొన్న స్త్రీలను చేర్చుకొని, ఒక్కొక్కసందు నొక్కొక్కరి కప్పగించి, పద్దులు వ్రాయుట, చట్టము తెలియుట, మురుగుకాలువను పరీక్షించుట మొదలయినవి నేర్పెను. హాంప్‌స్టెడ్‌లో తోటపేటను వెలయించిన హెన్రియెట్టా బార్నెట్టును, పిదప లండను కౌంటీసభలో స్థానము పొందిన ఎమ్మా కాన్సును ఈమె శిష్యురాండ్రే. ఉత్సాహము మాత్రమే కలిగి లెక్క సరిగా వ్రాయజాలని యువతులను ఈమె మృదువుగా నింటికి పంపివేసెడిది. ఆ యేడే స్నేహితులు చందాలు వేసి, బోధనవృత్తి మానుకొని యీ పనియే చేసికొనుటకు తగిన నిధి నేర్పరచిరి. వ్యాసములు 1875లో లండను బీదల యిండ్లను పేర పుస్తకరూపమున వెలువడెను. విక్టోరియారాణిగారి కుమార్తెయగు ఆలిస్ రాకొమార్తె మాఱుపేరుతో వచ్చి యీ సందులను చూచిపోయి, ఆ పుస్తకమును జర్మనుభాషలోనికి తేవించెను. అమెరికాలో ఫిలడెల్‌ఫియా నగరమున 1896లో ఈమె పేరనే యొక సంఘము పుట్టెను.

చట్టము లక్కఱలేదని యామె యనలేదు. చెడ్డపేటలను పడగొట్టుటకు అధికారమిచ్చిన 1875వ సంవత్సరపు శాసనము రావలెనని పనిచేసినవారిలో ఆమెయు నొకతె. కాని ఆ శాసనమువలన చెడ్డయిండ్ల యజమానులకు నష్టపరిహారము మిక్కుటముగా ముట్టెను. కుళ్లిన యిల్లెంత కిక్కిరిసియున్న నంత వెల పలికెను. ఇండ్లు పడిన బీదలు ప్రక్కసందులలో దూరి, అచ్చటి గదులను తమ వెనుకటి గదులకంటె నిఱుకుచేసిరి. 1879, 1882 సంవత్సరములలో చట్టమును సవరింపవలసివచ్చెను.

1877 ఈమెకు చెడ్డకాలము. రస్కిను స్థాపించిన సంఘము నెగ్గదని యీమె యెవరితోనో యన్నదని విని అతడు కోపించి, తమ యిరువురి యుత్తరములను తన పత్రికలో నచ్చొత్తించెను. ఇరువదియేండ్ల స్నేహము ఆ విధముగా బజారున పడెను. అదేకాలమున ఈమెకు నిశ్చయమైన వివాహమును తప్పిపోయెను. శరీరము, మనస్సు రెండును క్రుంగి, పని నితరుల కప్పగించి దేశాంతరములు తిరిగెను. అప్పుడు తోడువచ్చిన హారియట్ యార్కు కడవఱకు నామె యింటనే యుండెను. ఆ కలహమున తప్పెవరిదని తీర్పు చెప్ప బూనము.  ఆమె పోయిన కాలములో అద్దెలు వసూలగుట నిలువలేదు, ఇండ్లు పాడుకాలేదు. అట్లు తాను లేకున్నను నడచునట్లు పని నేర్పినది.

1884లో శ్రామికుల గృహములనుగూర్చి రాజవిచారణసంఘము కూర్చబడినపుడు ఈమెను సభ్యురాలిగా వేయుమని కొందఱు చెప్పిరి. స్త్రీ యను కారణమున హోమ్‌మంత్రి యొప్పుకొనలేదు. ఇరువదియేండ్లు ఆ యిండ్లలో తిరిగినదానిని సాక్షిగా నిలిపి, తిరుగనివారు ప్రశ్నలడిగిరి. ఆ సంవత్సరమే సదర్కు, డెట్‌ఫర్డులయందు మతసంస్థకు చెందిన యిండ్ల యాజమాన్య మీమెకు వచ్చెను. సదర్కున 1887లో రెడ్‌క్రాస్ అను నుద్యానవనమును, దాని ప్రక్కను చక్కని చిన్నయిండ్లను కట్టించెను. డెట్‌ఫర్డులో మాత్రము ఈమె పద్ధతి సుఖముగా సాగలేదు. ఆ వీథులు మొరటువి. అద్దెలెగవేయువారు, పగులగొట్టువారు హెచ్చు. కార్యము సఫలమైనచోటులనే చెప్పి యిట్టివానిని దాచుట చరిత్రకారుని ధర్మము గాదు.

ఆటస్థలముతో మొదలయిన నమ్మకము ఆమెను ఊరివెలుపలి పచ్చికబయళ్లవఱకు నడిపించెను. 1875లో స్విస్‌కాటేజి పొలములను కాపాడబోయి యోడెను, ఇండ్లు లేచినవి. 1889లో పార్లమెంటుకొండను ప్రజలకు దక్కించుటలో గెలిచినవారిలో నీమె యొకతె. 1895లో రాబర్టు హంటరు, హార్డ్విక్ రాన్‌స్లీగారలతో గూడ నేషనల్ ట్రస్టును స్థాపించెను; ప్రకృతిరమ్యములగు స్థలములను, పాతకట్టడములను ప్రజలపేర శాశ్వతముగా నిలుపు సంఘమది. దానికింద మొదట కొనబడిన కట్టడము ఆల్‌ఫ్రిస్టన్ గ్రామమందలి పురాతనగృహము. వెల 10 పౌనులు.

ఇక నీమె లోపములు. స్త్రీలకు వోటుహక్కు వలదని యీమె యనెను; అంతటి కార్యము చేసిన స్త్రీ యట్లనుట మా కెన్నడును బోధపడలేదు. వృద్ధులకు ప్రభుత్వ పింఛనులు మితవ్యయగుణమును చెఱచునని తలచెను. అన్నిటికంటె గొప్పది, ప్రభుత్వములును పురసభలును ఇండ్లు కట్టి యద్దెకిచ్చుటకు ఈమె సమ్మతింపకపోవుట. అధికారి కాపురమున్నవారి నెఱుగజాలడని యీమె వాదము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. లండను కౌంటీసభవారు ఓల్డ్ నికల్ అను దుర్వాటికను పడగొట్టి 1900లో క్రొత్తయిండ్లు తెఱచినపుడు, తొలగింపబడిన వేలమందిలో తిరిగివచ్చి యా యిండ్లలో చేరగలిగినవారు అతికొద్దిమంది. అద్దె వారి కందలేదు. అయినను లెక్క చూడుడు. ఈమె చేతిలోనికి వచ్చిన కాపురములు కొన్నివేలు; నగరములోని జనులు లక్షలు. బాకీపడి యీమె యిల్లు ఖాళీచేసినవాడు మఱల పాతగుత్తదారుని చేతిలో పడియుండును. వాని గతి యీమె పద్దుపుస్తకములలో లేదు. 1885లో కాథరిన్ బిల్డింగ్సను శ్రామికగృహములయందు ఈమె పద్ధతినే అద్దెలు వసూలుచేసిన బియాట్రిస్ పాటరు, ఇట్టి యుపాయములతో దారిద్ర్యము తీరదని గ్రహించి, పిదప బియాట్రిస్ వెబ్బుగా పేరొంది, సర్కారే పూనవలెనని వాదించినది. 1905లో బీదల చట్టమును విచారించు రాజసంఘమున ఇరువురును సభ్యురాండ్రయిరి. 1909లో నివేదిక వచ్చినపుడు ఆక్టేవియా అధికసంఖ్యాకుల పక్షమున చేవ్రాలు చేసెను. బియాట్రిస్ భిన్నాభిప్రాయపత్రము వ్రాసెను. మేము బియాట్రిస్ పక్షమునకే మొగ్గుదుము. కాని సర్కారు కట్టించిన వాటాలలోను మెట్లు తుడుచువాడెవడు, కిటికీ విఱిగినచో చెప్పుకొనుటకు ఎవ్వరియొద్దకు పోవలెనను ప్రశ్న వచ్చుచునే యున్నది. దానికి బియాట్రిస్‌గారి పత్రమునందు సమాధానము లేదు.

1912వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీని మేరిలిబోన్‌లోనే ఆమె మరణించెను. వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున పూడ్చుటకు అవకాశ మియ్యబడెను గాని, ఆమె కోరికప్రకారము కెంటుసీమలోని క్రాకమ్ హిల్ అను పల్లెయందు తోబుట్టువు మిరాండాప్రక్కనే సమాధిచేసిరి. పారడైస్ ప్లేసునకు ఇప్పుడు గార్బట్ ప్లేసని పేరు. అచ్చటి గోడమీద నామె పని యిచ్చట మొదలయ్యెనని తెలుపు నీలిరంగుపలక యున్నది.